ఆరు ఫ్రేముల దయ: ఇండీ గేమ్ తయారీలో అసలు చదువు ఎక్కడ జరుగుతుంది

తెర మీద బొమ్మ ఒక గట్టు చివరిదాకా పరుగెత్తి ఎదుటి గట్టు మీదికి దూకాలి. ప్రోగ్రామ్‌లో దీనికి నియమం తేలికే: కాళ్ల కింద నేల ఉంటే దూకనివ్వాలి, లేకపోతే దూకనివ్వకూడదు. నాలుగు పంక్తుల్లో రాసేయవచ్చు, అందులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. ఆడేవారు మాత్రం పది నిమిషాల్లో విసిగిపోతారు. మీట నొక్కినా బొమ్మ దూకలేదని ఫిర్యాదు చేస్తారు. నిజానికి వారు మీట నొక్కేసరికి బొమ్మ అంచు దాటి రెండు మూడు ఫ్రేములు (తెర మీద వరుసగా మారే చిత్రాలు) గడిచి ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో తప్పు ఆడేవారిది, ఆట లెక్కలో తప్పు ప్రోగ్రామ్‌ది.

2018 జనవరిలో విడుదలైన సెలెస్ట్ అనే ఆటలో ఈ తగువుకు పరిష్కారం ఒక చిన్న సంఖ్య రూపంలో ఉంది. గట్టు దాటిన తరువాత కూడా సెకనులో పదో వంతు కాలం, అంటే సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఆరు ఫ్రేముల పాటు, బొమ్మ కింద నేల ఉన్నట్టే ఆట నటిస్తుంది. ఆ లోపు మీట నొక్కితే దూకుతుంది. ఇంతటితో అయిపోలేదు. నేలను తాకడానికి రెప్పపాటు ముందే మీట నొక్కినా ఆట దాన్ని గుర్తుపెట్టుకుని, కాళ్లు ఆనగానే దూకిస్తుంది. పైకి ఎగిరినప్పుడు తల ఏదైనా మూలకు తగిలితే బొమ్మను కింద పడేయకుండా నాలుగు పిక్సెళ్ల మేర పక్కకు జరిపి దారి ఇస్తుంది. మీట వదలకుండా పట్టుకుంటే, ఎగిరిన ఎత్తు చివర గురుత్వాకర్షణను సగానికి తగ్గిస్తుంది. ఎక్కడ దిగాలో చూసుకోవడానికి ఆ క్షణం పనికివస్తుంది. సెలెస్ట్ చాలా కఠినమైన ఆటగా పేరుపడింది. ఆ కఠినత్వాన్ని లక్షల మంది ఇష్టంగా భరించారంటే, చాటున సాగే ఈ దయ అందుకు ఒక ముఖ్య కారణం.

ఈ ఆట రూపకర్తలు మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ తమ కథానాయిక కదలికలకు సంబంధించిన కోడ్‌ను అందరికీ కనిపించేలా బయట పెట్టారు. ఒకే ఫైలు, అయిదు వేల పంక్తులు దాటుతుంది. పైన చెప్పిన సంఖ్యలన్నీ అందులో వరుసగా కనిపిస్తాయి. చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది: వీటిలో ఏ సంఖ్యా ముందుగా కూర్చుని ఆలోచిస్తే వచ్చేది కాదు. సెకనులో పదో వంతే ఎందుకు, అయిదో వంతు ఎందుకు కాకూడదు అన్న ప్రశ్నకు సిద్ధాంతపరమైన జవాబు లేదు. పెట్టి చూడాలి, ఆడి చూడాలి, మార్చాలి, మళ్లీ ఆడాలి. సొంతంగా వీడియో గేమ్ (ఇండీ గేమ్) తయారు చేయడం నేర్చుకోవడమంటే ప్రధానంగా ఈ చక్రాన్ని వీలైనంత వేగంగా తిప్పడం నేర్చుకోవడమే. ఏ ఇంజిన్ (ఆట తయారీకి పునాదిగా వాడే సాఫ్ట్‌వేర్) వాడాలి, ఎంత పెద్ద ఆటకు పూనుకోవాలి, ఎవరికి ఎప్పుడు చూపించాలి అనే తర్జనభర్జనలన్నింటినీ ఈ ఒక్క గీటురాయి మీద పెట్టి చూస్తే చాలా వరకు తేలిపోతాయి.

తెలుగువారిలో ప్రోగ్రామింగ్ వచ్చినవారికి కొదవ లేదు. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూ, ఎప్పటికైనా ఒక ఆట తయారు చేయాలన్న కోరిక మనసులో పెట్టుకున్నవారు చాలామందే ఉంటారు. వారికి మొదట అడ్డు తగిలేది వారి వృత్తి అలవాటే కావడం విచిత్రం. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో ఏమి కావాలో క్లయింట్ ముందే చెబుతాడు, లేదా చెప్పాడని అందరూ అనుకుంటారు. రాసిన కోడ్ ఆ కోరికకు సరిపోయిందా లేదా అన్నది పరీక్షించి తేల్చవచ్చు. ఆట విషయంలో క్లయింట్ లేడు, నిర్దేశ పత్రం లేదు. 'శత్రువు ఎదురైనప్పుడు కొంచెం భయం కలగాలి' అన్న అవసరానికి టెస్ట్ కేసు రాయడం కుదరదు. వృత్తి ప్రోగ్రామర్ సహజంగా తనకు తెలిసిన వైపు జారుకుంటాడు: మూడు నెలలు కూర్చుని వస్తువుల జాబితాకు, సంభాషణల నిర్వహణకు, సేవ్ ఫైళ్లకు అందమైన వ్యవస్థలు కడతాడు. ఆ మూడు నెలల చివర అన్నీ ఉంటాయి, ఆట తప్ప.

ఈ విషయంలో టెర్రీ కవానా ఉదాహరణ కనువిప్పు కలిగిస్తుంది. 2010లో వచ్చిన ఆయన ఆట వీవీవీవీవీవీ. గురుత్వాకర్షణను తలకిందులు చేయడం ఒక్కటే అందులో ఆటగాడికి ఉన్న శక్తి. పదేళ్లు నిండిన సందర్భంగా 2020 జనవరిలో దాని సోర్స్ కోడ్ విడుదల చేశారు. లోపల చూసిన ప్రోగ్రామర్లు నోరెళ్లబెట్టారు. ఆట నడకనంతా నడిపించేది వందలాది కేసులున్న ఒకే ఒక్క భారీ స్విచ్ స్టేట్‌మెంట్, అంటే 'ఇదైతే ఇది చేయి' అనే షరతుల జాబితా. టోబీ ఫాక్స్ 2015లో విడుదల చేసిన అండర్‌టేల్‌లో సంభాషణల కోడ్ కూడా ఇదే తరహాలో ఉందని తరువాత బయటపడింది. రెండూ గొప్ప ఆటలుగా నిలిచాయి. గజిబిజి కోడ్ రాయడం మంచిదని దీని అర్థం కాదు. పది మంది పదేళ్లు కలిసి నడపాల్సిన సాఫ్ట్‌వేర్‌కు పెట్టుకునే ప్రమాణాలను, ఒక మనిషి రెండేళ్లలో ముగించాల్సిన ఆటకు యథాతథంగా తగిలించుకోనక్కరలేదు. కోడ్ అందాన్ని ఆడేవారు చూడరు.

అలాగని సాంకేతిక పునాది అక్కర్లేదనీ కాదు. ఆట ప్రోగ్రామ్ మూలాల్లో ఒక చక్రం ఉంటుంది: మీటలు చూడు, ప్రపంచాన్ని ఒక అడుగు కదుపు, బొమ్మ గీయి, మళ్లీ మొదటికి రా. సెకనుకు 60 సార్లు తిరగాలంటే ఒక్కో చుట్టుకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. కొత్తవారు చేసే మొదటి పొరపాటు సాధారణంగా ఇక్కడే ఉంటుంది. 'ప్రతి ఫ్రేముకు 5 పిక్సెళ్లు కదులు' అని రాస్తారు. 60 హెర్ట్జ్ తెర (సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చేది) మీద అది సెకనుకు 300 పిక్సెళ్లు. అదే ఆటను 144 హెర్ట్జ్ తెర ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో పెడితే 720 అవుతుంది, బొమ్మ పిచ్చెక్కినట్టు పరుగెడుతుంది. గడిచిన కాలంతో వేగాన్ని గుణించడం దీనికి సాధారణ మందు. ఆ మందు కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఫ్రేము నిడివి మారినప్పుడల్లా దూకే ఎత్తులో చిన్న చిన్న తేడాలు వస్తాయి. అందుకే ఖచ్చితమైన కదలికలు కావాల్సిన ఆటల్లో భౌతిక సూత్రాల లెక్కను స్థిరమైన అడుగులతో నడిపి, చిత్రీకరణను వేరుగా ఉంచుతారు. ట్యుటోరియల్‌లో ఇది ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. స్నేహితుడి కంప్యూటర్ ముందు తల వంచుకున్న రోజునే అది ఒంటబడుతుంది.

ఇక ఇంజిన్ల గొడవ. కొత్తవారు అన్నిటికంటే ఎక్కువ సమయం వృథా చేసేది దీని మీదే. స్టార్డ్యూ వ్యాలీని సి షార్ప్‌లో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌ఎన్‌ఏతో మొదలుపెట్టారు. అండర్‌టేల్ గేమ్‌మేకర్‌లో తయారైంది, హాలో నైట్ యూనిటీలో. 2024లో సంచలనం రేపిన బలాట్రోను లువా భాషలో లవ్ అనే చిన్న ఉచిత ఫ్రేమ్‌వర్క్‌తో రాశారు. వాంపైర్ సర్వైవర్స్ మొదట బ్రౌజర్‌లో ఆడే జావాస్క్రిప్ట్ ఆటగా పుట్టి, 2023లో బ్రిటన్ వారి బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారం దాకా వెళ్లింది. ఈ జాబితాలో ఏ సూత్రాన్నీ వెతకలేము, వెతకడం అనవసరం. మార్పు చేసిన కొద్ది సెకన్లలో ఆడి చూడగలిగే ఏ పనిముట్టయినా మంచిదే.

ఒక్క విషయంలో మాత్రం ఇంజిన్ ఎంపిక గురించి ఆలోచించక తప్పదు, అది యాజమాన్యం సంగతి. 2023 సెప్టెంబరు 12న యూనిటీ సంస్థ ఒక కొత్త రుసుము ప్రకటించింది. దాని ఉచిత పథకంలో ఉన్న డెవలపర్ల ఆట ఏడాదిలో రెండు లక్షల డాలర్ల రాబడి, మొత్తం రెండు లక్షల ఇన్‌స్టాళ్లు దాటితే, ఆపై ప్రతి ఇన్‌స్టాల్‌కు 20 సెంట్లు చెల్లించాలి. అమ్మకానికి కాదు, ఇన్‌స్టాల్‌కు. అప్పటికే విడుదలై జనం చేతుల్లో ఉన్న ఆటలకూ ఇదే వర్తిస్తుందనేసరికి చిన్న స్టూడియోలు భగ్గుమన్నాయి. పది రోజుల్లో సంస్థ నిబంధనలు సడలించింది, మరుసటి నెలలో దాని అధిపతి తప్పుకున్నారు, సరిగ్గా ఏడాదికి 2024 సెప్టెంబరులో ఆ రుసుమునే పూర్తిగా ఎత్తేసింది. ఈలోగా చాలామంది గోడో వైపు చూశారు. అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్స్కీ, ఆరియెల్ మంజూర్ రూపొందించిన ఈ ఇంజిన్ 2014 నుంచి ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద ఓపెన్ సోర్స్‌గా ఉంది; రాయల్టీ లేదు, షరతులు మార్చగల యజమాని లేడు. టెరేరియా ఆట తయారీదారులైన రీ-లాజిక్ అదే నెలలో గోడోకు లక్ష డాలర్ల విరాళం ప్రకటించారు. వారి ఆట గోడోతో తయారైనది కూడా కాదు.

వేగంగా తిరిగే చక్రం గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి 2005లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు చేసిన పని గుర్తు చేసుకోవాలి. ఎక్స్‌పెరిమెంటల్ గేమ్‌ప్లే ప్రాజెక్ట్ అని దానికి పేరు. నియమాలు ముక్తసరిగా ఉన్నాయి: ప్రతి ఆటనూ ఒక్కరే తయారు చేయాలి, ఏడు రోజుల్లోపు ముగించాలి, ముందుగా ఎంచుకున్న ఒక అంశం చుట్టూ తిప్పాలి. ఒక సెమిస్టర్‌లో యాభైకి పైగా చిన్న ఆటలు పుట్టాయి. వాటిలో చాలా వాటి పేర్లు ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. జిగురు ముద్దలతో గోపురం కట్టే టవర్ ఆఫ్ గూ మాత్రం వాటిలో ఒకటి. ఆ నలుగురిలో ఒకరైన కైల్ గాబ్లర్, రాన్ కార్మెల్‌తో కలిసి దాన్ని పెంచి 2008లో వరల్డ్ ఆఫ్ గూగా విడుదల చేశారు. ఇక్కడ గమనించాల్సింది నిష్పత్తి. మంచి ఆలోచన ఏదో ముందే తెలిసి దాని మీద రెండేళ్లు పెట్టడం జరగలేదు. యాభై ఆలోచనల మీద తలా వారం పెట్టాక, రెండేళ్లకు తగినది ఏదో వాళ్లకు కనబడింది.

తక్కువ గడువులో ఆట తయారు చేయించే గేమ్ జామ్‌లు చేసేది ఇదే. 2002లో మొదలైన లూడమ్ డేర్ పోటీలో ఒంటరిగా పాల్గొనేవారికి ఇచ్చే గడువు 48 గంటలు. 2013లో అందులో 'పది సెకన్లు' అన్న అంశం మీద హంగ్రీ నైట్ అనే చిన్న ఆట వచ్చింది. అందులోని తెల్లని ముఖంతో, మేకులాంటి చిన్న కత్తి పట్టిన పురుగు యోధుడే తరువాత ఆస్ట్రేలియాలోని టీమ్ చెర్రీ చేతిలో హాలో నైట్ కథానాయకుడు అయ్యాడు. సూపర్‌హాట్ కూడా 2013లో ఏడు రోజుల జామ్‌లో పుట్టింది. ఆడేవారు కదిలితేనే కాలం కదులుతుంది అన్న ఒక్క ఊహే దాని పెట్టుబడి. ఫిన్లాండ్‌కు చెందిన ఆర్వి తెయికరి 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో చేసిన బాబా ఈజ్ యూలో, ఆట నియమాలే తెర మీద తోయగలిగే మాటల దిమ్మెలుగా ఉంటాయి. సెలెస్ట్ సంగతీ అంతే. దాని తొలి రూపం 2015లో పికో-8 అనే ఊహాజనిత కన్సోల్ (పాత తరహా ఆట యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) మీద నాలుగు రోజుల్లో చేసిన నమూనా. పికో-8 తెర 128 అడ్డం 128 పిక్సెళ్లు, రంగులు 16. ఆ ఇరుకులో నేపథ్య చిత్రాలతో, కథతో కనికట్టు చేయడానికి చోటే లేదు. దూకడం బాగుంటేనే ఆట బాగుంటుంది.

జామ్‌ల మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. రెండు రోజుల్లో నవ్వించే ఊహ ఇరవై గంటలు నిలబడుతుందన్న హామీ లేదు. కొందరు జామ్ నుంచి జామ్‌కు తిరుగుతూ ముప్పై నమూనాల యజమానులై, ఒక్క పూర్తి ఆట కూడా లేకుండా ఉండిపోతారు. నమూనాకూ పూర్తి ఆటకూ నడుమ ఉన్నది వేరే రకం పని. విరామం మీట, ధ్వని స్థాయి, కీలు మార్చుకునే వీలు, గేమ్‌ప్యాడ్ మధ్యలో ఊడిపోతే ఏమి జరగాలి, సేవ్ చేస్తుండగా కరెంటు పోతే ఏమి కావాలి, రంగులు సరిగా కనిపించనివారు ఎలా ఆడాలి: వీటిలో ఏదీ ఊహకు రెక్కలు తొడగదు, ఏదీ మానేయడానికి వీల్లేదు. స్పెలంకీ రూపకర్త డెరెక్ యూ 2010లో ఆటను ముగించడం గురించి రాసిన వ్యాసంలో రెండు సలహాలు ఇప్పటికీ చెల్లుతాయి. మధ్యలో వచ్చే కొత్త ఊహలను తరువాతి ఆటకు దాచుకోవాలి. అంతా మొదటి నుంచి తిరగరాయాలన్న కోరికకు సాకులు వెతకకూడదు. రెండోది ముఖ్యంగా ప్రోగ్రామర్లు గోడ మీద రాసుకోవలసినది.

ఆయన ఆట కూడా పరిమాణం గురించి చక్కని పాఠం చెబుతుంది. 2008 చివర ఉచితంగా విడుదలైన మొదటి స్పెలంకీలో ప్రతిసారీ కొత్త గుహ ఎదురవుతుంది. అలాంటి ఆటకు బోలెడు స్థాయిలు చేత్తో గీయాలని అనిపిస్తుంది. యూ చేసిన ఏర్పాటు వేరు. ప్రతి స్థాయీ అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం పదహారు గదులు. పై వరుసలో ఒక గదిని ప్రవేశంగా ఎంచుకుని, ప్రోగ్రామ్ అక్కడి నుంచి పక్కకో కిందికో తోచినట్టు అడుగులు వేస్తూ అడుగు వరుసలోని ద్వారం దాకా ఒక దారి పరుస్తుంది. ఆ దారిలో పడిన గదులకు ఒకదానిలోకి మరొకటి తప్పక తెరుచుకునే అచ్చులు వాడుతుంది. మిగిలిన గదుల్లో ఏమైనా రావచ్చు, అవి మూసుకుపోయినా నష్టం లేదు. అచ్చు ఒక్కోటి పది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తు. వాటిలో కొన్ని గడులు పాచికల మీద ఆధారపడి మారతాయి. ఫలితంగా బాంబు, తాడు ఏదీ వాడకుండానే ద్వారం చేరుకునే దారి ఎప్పుడూ ఉంటుంది. చేత్తో చేసిన అచ్చులు కొన్నే, వాటితో వచ్చే గుహలు లెక్కకు అందవు. ఒక్క మనిషి చేయగలిగిన పని ఎంతో ముందే ఒప్పుకుని, ఆ పరిమితి నుంచే ఆట స్వరూపాన్ని పిండిన తీరు ఇది. పెద్ద కంపెనీ ఆటను చిన్న జట్టుతో అనుకరించడానికి బయలుదేరినవారు ఈ మెట్టు దగ్గరే బోల్తా పడతారు.

ఆట చేతికి ఎలా తగులుతుందన్న స్పర్శ గురించి ఒక్క మాట. డచ్ జట్టు వ్లాంబీర్‌కు చెందిన యాన్ విల్లెమ్ నైమన్ 2013లో ఇచ్చిన ఒక ప్రసంగంలో సాదాసీదా తుపాకీ ఆటను తీసుకుని ప్రేక్షకుల ముందే ఒక్కొక్క చిన్న మార్పు చేస్తూ పోయారు: గుండ్లు పెద్దవి చేయడం, తుపాకీ వెనక్కి తన్నడం, దెబ్బ తగిలినప్పుడు ఆట అర క్షణం ఆగడం, తెర కొద్దిగా వణకడం. నియమం ఒక్కటీ మారలేదు, ఆట మాత్రం గుర్తుపట్టలేనంతగా మారింది. సరదాగా లేని ఆట ముందు కూర్చున్న కొత్త డెవలపర్ వెంటనే కొత్త ఆయుధాలు, కొత్త శత్రువులు చేర్చాలని చూస్తాడు. చాలాసార్లు ఉన్న ఒక్క ఆయుధమే ఇంకా సరిగా మోగలేదన్నది అసలు జబ్బు.

అయితే ఆడించి చూడటం అనుకున్నంత సులభం కాదు. తయారు చేసినవారికి తమ ఆట ఎప్పుడూ తేలికగానే అనిపిస్తుంది, వందల సార్లు ఆడి ఉంటారు కాబట్టి. కొత్తవారి చేతికి ఇచ్చి పక్కన కూర్చుంటే నోరు ఊరుకోదు: 'అక్కడ కాదు, ఎడమ వైపు వెళ్లండి'. ఆ ఒక్క మాటతో పరీక్ష పాడవుతుంది. ఇంట్లో కొనుక్కుని ఆడేవారి పక్కన డెవలపర్ కూర్చుని ఉండడు. మౌనంగా చూడటం, ఎక్కడ ఆగారో రాసుకోవడం, తరువాత వారు సూచించే పరిష్కారాల కంటే వారికి కలిగిన విసుగుకే ఎక్కువ విలువ ఇవ్వడం అవసరం. 'ఇక్కడ తుపాకీ కావాలి' అని ఆడినవారు అంటే, ఆ గది మరీ పొడవుగా ఉందని అర్థం కావచ్చు. స్నేహితుల మెప్పు మాత్రం దేనికీ పనికిరాదు. 'బాగుంది' అని ఊరుకున్నవారికంటే, అడగకుండానే రెండోసారి ఆడినవారు ఎక్కువ చెప్పినట్టు.

ఒంటరి విజేతల కథలు ఇక్కడ కొంత హాని చేస్తాయి. ఎరిక్ బరోన్ స్టార్డ్యూ వ్యాలీని నాలుగున్నరేళ్లు ఒక్కడే తయారు చేశాడు. కోడ్, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ తనవే. 2016 ఫిబ్రవరి 26న విడుదలైన ఆ ఆట 2024 చివరికి నాలుగు కోట్ల పది లక్షల ప్రతులు దాటింది. ఇది చదివి ఉద్యోగం మానేసినవారు ఉన్నారు. కథలో తక్కువగా వినబడే భాగాలు ఇవి: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తరువాత ఉద్యోగం దొరకక, ప్రోగ్రామింగ్ సాధన కోసం ఒక చిన్న ఆటగా దాన్ని మొదలుపెట్టాడు. ఆ కాలంలో సియాటిల్‌లోని ఒక థియేటర్‌లో పార్ట్‌టైమ్‌గా ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేశాడు, ఇంటి ఖర్చుల్లో సహచరి సంపాదన తోడైంది. బొమ్మలు మళ్లీ మళ్లీ తుడిచి గీశాడు. అంటే, అతనికి చక్రం తిప్పుకోవడానికి నాలుగున్నరేళ్ల వ్యవధి దొరికింది. అదే శ్రద్ధతో అంతే కాలం పెట్టి, ఎవరూ కొనని ఆట తయారు చేసినవారి గురించి ఎవరూ రాయరు కాబట్టి పోలిక చూసే వీలు లేదు. ఒక విజయగాథ నుంచి పద్ధతిని నేర్చుకోవడం కష్టం. అతను రోజూ పది గంటలు పనిచేశాడన్నది నిజమే, ఓడినవారూ అంతే పనిచేసి ఉండవచ్చు.

సంత సంగతి క్లుప్తంగా. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో ఆట పెట్టడానికి 2017 నుంచి వంద డాలర్ల రుసుము చాలు. వెయ్యి డాలర్ల రాబడి వస్తే అది తిరిగి ఇస్తారు. తలుపు తెరిచి ఉండటంతో 2024 ఒక్క ఏడాదిలోనే పద్దెనిమిది వేలకు పైగా ఆటలు వచ్చిపడ్డాయి. అమ్మకంలో 30 శాతం స్టీమ్‌ది. కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి ఇచ్చేస్తారు. గంటన్నరలో ముగిసే ఆటలు చేసేవారికి ఇది నిత్య భయం. ఇచ్.ఐఓ వేదిక వాటా పది శాతంతో మొదలవుతుంది, డెవలపర్ కోరితే సున్నాకు కూడా తగ్గించుకోవచ్చు. అమ్మకాలు అక్కడ తక్కువే, నేర్చుకునే దశలో నమూనాలు జనం ముందు పెట్టడానికి మాత్రం అంతకు మించిన చోటు లేదు. వాంపైర్ సర్వైవర్స్ కూడా 2021లో మొదట అక్కడే కనిపించింది.

భారతదేశంలో ఈ రంగాన్ని చూడాలంటే ముందు ఒక పొగమంచు తుడుచుకోవాలి. పత్రికల్లో 'గేమింగ్ పరిశ్రమ' అని కనిపించే వార్తల్లో చాలా భాగం డబ్బు పెట్టి ఆడే రమ్మీ, ఫాంటసీ లీగ్‌ల గురించి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినవి అలాంటివే, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా ఆపినవీ అవే. కథ చెప్పే, కండరాలకు పని చెప్పే, బుర్రకు పదును పెట్టే చిన్న ఆటల సంఖ్య, వాటి వెనుక ఉన్న డబ్బు ఆ లెక్కల ముందు ఆనవు. అయినా ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన ఓగ్ర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆటను విడుదల చేసింది; పురాణాల ఛాయలో అసురుడి వైపు నుంచి సాగే కత్తి యుద్ధం అది. పుణె జట్టు నోడింగ్ హెడ్స్ రూపొందించిన రాజీ 2017లో జనం నుంచి చందాలు సేకరించే కిక్‌స్టార్టర్‌లో నిధుల లక్ష్యం చేరుకోలేకపోయింది, ఆగకుండా 2020లో విడుదలైంది. టొరంటోలోని వీసై గేమ్స్ 2023లో తెచ్చిన వెన్బా, కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం వంటింటి కథ. మరుసటి ఏడాది తొలి ఆటలకిచ్చే బాఫ్టా పురస్కారం అందుకుంది. మూడింటిలోకీ వెన్బా చాలా చిన్నది, ఒకే కూర్చోటంలో ఆడేయవచ్చు. ఇడ్లీ పాత్రలో పళ్లేలు ఏ వరుసలో పేర్చాలన్నదే అందులో ఒక పజిల్. తన పరిధి తెలిసిన ఆటగా మూడింటిలో దానికే ఎక్కువ మార్కులు వేయాలి.

తెలుగులో ఆట తయారు చేయాలనుకునేవారికి మరొక పని ముందే చేయాల్సి ఉంటుంది. 'స్త్రీ' అనే అక్షరం కంటికి ఒకటే, కంప్యూటర్‌కు అది ఆరు సంకేతాల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. వీటిని కలిపి వత్తులు కిందికి దించి ఒక రూపంగా అమర్చే యంత్రాంగం ఇంజిన్‌లో లేకపోతే పొల్లులు విడివిడిగా పడి మాట ముక్కలవుతుంది. యూనిటీలో అక్షరాలు చూపడానికి ఏళ్లుగా వాడుతున్న టెక్స్ట్‌మెష్ ప్రో ఈ పని సరిగా చేయదు. 2023 మార్చిలో వచ్చిన గోడో 4, అక్షరాలను అమర్చే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ సాయంతో చేస్తుంది. అక్కడితో చిక్కు తీరదు. సంభాషణలను ఒక్కో అక్షరంగా టైపు చేస్తున్నట్టు చూపించే అలవాటు చాలా ఆటల్లో ఉంది; సంకేతాలు లెక్కపెట్టి చూపిస్తే 'స', 'స్', 'స్త' అంటూ అక్షరం కళ్ల ముందే రూపాలు మార్చుకుంటుంది. అక్షరం మొత్తంగా బయటపెట్టేలా రాసుకోవాలి. పిక్సెల్ ఫాంటు అయితే ఇంకా కష్టం. ఆంగ్ల అక్షరాన్ని అయిదు పిక్సెళ్ల ఎత్తులో చదివించవచ్చు. పైన గుడి, కింద వత్తు ఉన్న తెలుగు అక్షరానికి అంతకు రెట్టింపు ఎత్తయినా చాలదు, దానికి తగ్గట్టు సంభాషణల పెట్టె, పంక్తుల నడుమ ఎడం, చివరికి తెర మీద ఎన్ని మాటలు పట్టాలన్నదీ మారిపోతాయి. కథ రాయడం మొదలుపెట్టే ముందే, ఎంచుకున్న ఇంజిన్‌లో 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్యోత్స్న' అనే మూడు మాటలు తెర మీద వేసి, కంప్యూటర్‌లోనూ ఫోనులోనూ సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి ఒక సాయంత్రం చాలు.